హార్డ్ డిస్క్ మార్చినా విండోస్ లైసెన్స్ పోదు: ఒక్క లైసెన్స్‌తో డిస్కులు మార్చుకోవడం ఎట్టా

గుంటూరులో గాని విజయవాడలో గాని ల్యాప్‌టాప్ బాగా స్లో అయిందని షాపుకి తీసుకెళ్తే హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించుకోమంటారు, అది మంచి సలహానే, అందులో పేచీ ఏం లేదు. కాని దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది చూడండి, "డిస్క్ మారితే విండోస్ కూడా పోతుందండి, కొత్త కీ కొనాలి, లేదంటే మా దగ్గరున్నది వేసేస్తాం" అని. ఆ మాట నమ్మి కొందరు ఇంకో కీ, అంటే లైసెన్స్ కోడ్, కొంటున్నారు, ఎక్కువమంది క్రాక్, అంటే లైసెన్స్ లేకుండా నడిచేలా చేసిన దొంగ విండోస్, వేయించుకుని వచ్చేస్తున్నారు. వాళ్లు ల్యాప్‌టాప్ కొన్నప్పుడే ఒరిజినల్ విండోస్‌కి డబ్బులు కట్టేసి ఉంటారు, బిల్లులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి గుర్తుండదంతే. ఒకసారి కట్టినదానికి మళ్లీ కట్టించడం, లేదా ఒరిజినల్ ఉన్న మెషిన్‌లో దొంగది ఎక్కించడం, రెండూ నాకు బాధగానే ఉంటాయి, అందుకే తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నా. బ్రాడీపేటలో చేయించుకున్నా, గవర్నర్‌పేటలో చేయించుకున్నా, ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే చేసుకున్నా ఇదే పద్ధతి.

ముందు అసలు విషయం. మీ విండోస్ లైసెన్స్ హార్డ్ డిస్క్‌లో ఉండదు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లకీ బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లకీ ప్రోడక్ట్ కీని మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మీదుండే బయోస్ చిప్‌లోనే, అంటే మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ ఉండే చిప్‌లోనే, రాసి పంపిస్తున్నారు. అంతకుముందు విండోస్ 7 రోజుల్లో అడుగున రంగు స్టిక్కర్ మీద కీ ఉండేది, అది అరిగిపోతే చదవడానికి నానా తిప్పలు పడేవాళ్లం. ఆ తర్వాత విండోస్ 10 నుంచి ఇంకోటి కూడా కలిసింది, డిజిటల్ లైసెన్స్ అని. అంటే మీ మెషిన్ ఒకసారి యాక్టివేట్ అయితే (లైసెన్స్ సరైనదేనని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటే) ఆ హార్డ్‌వేర్ గుర్తు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదైపోతుంది, మళ్లీ అదే మెషిన్‌లో అదే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి రకం) వేసి నెట్ కనెక్ట్ చేస్తే సర్వర్ చూసి గుర్తుపట్టి యాక్టివేట్ చేసేస్తుంది, కీ కొట్టే పని లేదు. ఆ గుర్తులో ప్రధానమైనది మదర్‌బోర్డు. ఇంటి పట్టా ఇంటికే గాని లోపల పెట్టుకున్న బీరువాకి కాదు కదా, బీరువా ఎన్నిసార్లు మార్చినా పట్టా మారదు, ఇదీ అంతే.

కాబట్టి ఒకే మెషిన్‌లో ఈ రోజు హార్డ్ డిస్క్, రేపు ఎస్ఎస్‌డీ, ఇంకో రెండేళ్లకి ఇంకా పెద్ద ఎస్ఎస్‌డీ, ఎన్ని మార్చినా లైసెన్స్ ఒక్కటే సరిపోతుంది. ఇక్కడ రెండు విషయాలు కలిపేసుకోకూడదు. డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి మార్చడం వేరు, ఒకేసారి రెండు డిస్కుల్లో రెండు విండోస్‌లు వేసి వాడటం వేరు. మొదటిది ఏ ఇబ్బందీ లేదు, రెండోదాని గురించి కింద చెప్తా, అక్కడ కొంచెం పట్టింపు ఉంది.

డిస్క్ ముట్టుకునే ముందు మీ దగ్గర ఏ రకం లైసెన్స్ ఉందో చూసుకోండి, ఈ పని పాత డిస్క్ ఇంకా మెషిన్‌లో ఉండగానే చేయాలి. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో యాక్టివేషన్. విండోస్ 10 అయితే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, దానిలో యాక్టివేషన్. అక్కడ డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే సగం పని అయినట్టే. అదే లైన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ అయిందని కూడా ఉంటే ఇంకా మంచిది, లేకపోతే అదే పేజీలో అకౌంట్ యాడ్ చేసుకోండి, ఈ సౌకర్యం 2016 యానివర్సరీ అప్‌డేట్ నుంచి ఉంది. డిస్క్ మార్చడానికి ఇది తప్పనిసరి కాదు గాని రేపు మదర్‌బోర్డు పోతే అప్పుడు పనికొస్తుంది. దాంతోపాటు ఎడిషన్ ఏంటో కాయితం మీద రాసుకోండి, హోమా, హోమ్ సింగిల్ లాంగ్వేజా, ప్రోనా. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వస్తుంది, చాలామందికి ఆ పేరు కూడా తెలియదు, తర్వాత తలనొప్పి అంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇంకా లోతుగా తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో ఎస్ ఎల్ ఎం జీ ఆర్ అని కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ముందుకు వాలిన స్లాష్ పెట్టి, డీ ఎల్ ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న బాక్స్ వస్తుంది. అందులో ఓఈఎం అని ఉంటే మెషిన్‌తో పాటు వచ్చిన లైసెన్స్, అది ఆ మెషిన్‌తోనే ఉంటుంది. రిటైల్ అని ఉంటే విడిగా కొన్నదో, పాత విండోస్ నుంచి అప్‌గ్రేడ్ ద్వారా వచ్చిన డిజిటల్ లైసెన్సో అయ్యుంటుంది, విడిగా కొన్నదైతే వేరే మెషిన్‌కి కూడా మార్చుకోవచ్చు. వాల్యూమ్ అని, దానిపక్కన కేఎంఎస్ అని ఉంటే మాత్రం ఆగండి. అది ఆఫీసులకీ కాలేజీలకీ ఇచ్చే రకం, మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో అది కనబడిందంటే ఎవరో యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండానే యాక్టివేట్ చేసేసే దొంగ ప్రోగ్రామ్) నడిపించారని దాదాపు ఖాయం. అదే కమాండ్‌లో డీ ఎల్ ఐ బదులు ఎక్స్ పీ ఆర్ కొడితే ఒరిజినల్‌కి పర్మనెంట్‌గా యాక్టివేట్ అయిందని వస్తుంది, కేఎంఎస్ అయితే ఒక గడువు తేదీ చూపిస్తుంది, ఎందుకంటే ఆ రకం యాక్టివేషన్ 180 రోజులకి ఒకసారి రెన్యూ అవ్వాలి. ఆ యాక్టివేటర్లు పని చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి, ఆ ఒక్క ముక్క చాలు వాటిని దూరం పెట్టడానికి. అదే మెషిన్‌లో బ్యాంకు లాగిన్‌లు చేస్తాం, జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాం, పిల్లల ఆధార్ కాపీలు పెట్టుకుంటాం.

ఆ బాక్స్‌లో కీ చివరి ఐదు అక్షరాలు కూడా కనబడతాయి, డిజిటల్ లైసెన్స్ ఉన్న ప్రో మెషిన్లలో చాలావాటికి 3వీ66టీ అనే వస్తుంది, మీదీ పక్కింటివాళ్లదీ ఒకటే వచ్చిందని కంగారు పడకండి, అది అందరికీ ఉండే మామూలు కీ, అసలు లైసెన్స్ సర్వర్‌లో ఉంటుంది. ఆ ఐదు అక్షరాలు చూసి ఇది డూప్లికేట్ అని చెప్పేవాళ్ల మాట పట్టించుకోవద్దు. అట్లాగే బయోస్‌లో కీ లేదని ఎవరైనా చెప్తే లైసెన్స్ లేదని కాదు, విండోస్ 7 నుంచి 10కి ఫ్రీగా అప్‌గ్రేడ్ అయిన పాత మెషిన్లకి బయోస్‌లో కీ ఉండదు, సర్వర్‌లో డిజిటల్ లైసెన్స్ మాత్రం ఉంటుంది. ఆ ఫ్రీ ఆఫర్ 2016 జులై 29తో అయిపోయిందన్నారు గాని 7, 8 కీలు తర్వాత కూడా చాలాకాలం పనిచేశాయి, 2023 సెప్టెంబర్‌లో ఆ దారి మూసేశారు. అప్పటికే అప్‌గ్రేడ్ అయిన మెషిన్ లైసెన్స్‌కి మాత్రం ఏం కాలేదు.

ఇంకో ముఖ్యమైన చెకింగ్, బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నదానికంతా తాళం వేసే సౌకర్యం. హోమ్ ఎడిషన్‌లో దీన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆన్‌లో ఉన్న డిస్క్‌ని తీసి వేరే మెషిన్‌కి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే లోపల ఫోటోలు గాని ఫైళ్లు గాని ఎవరూ తీయలేరు, ఎంత పెద్ద షాపువాడైనా సరే. కాబట్టి డిస్క్ తీసే ముందు సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగండి, లేదా కనీసం మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెలు కాయితం మీద రాసి పెట్టుకోండి. లైసెన్స్ పోతే డబ్బుతో తెచ్చుకోవచ్చు, పిల్లల చిన్నప్పటి ఫోటోలు ఎక్కడ్నుంచి తెస్తాం చెప్పండి.

ఇప్పుడు మార్చే పని. రెండు దారులున్నాయి, ఉన్న విండోస్‌ని ఉన్నట్టు కొత్త డిస్క్‌కి కాపీ చేయడం, అంటే క్లోన్, లేదా కొత్త డిస్క్‌లో ఫ్రెష్‌గా విండోస్ ఎక్కించడం. పాత డిస్క్‌లో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ సెట్టింగులు, ఇంకా బోలెడు ఉండి మళ్లీ పెట్టుకునే ఓపిక లేకపోతే క్లోన్ చేయండి. పాత విండోస్ వైరస్‌తోనో క్రాక్‌తోనో పాడైపోయి ఉంటే మాత్రం ఫ్రెష్‌గానే వేయండి, ఎందుకంటే క్లోన్ చేస్తే ఆ చెత్త కూడా అచ్చంగా కొత్త డిస్క్‌లోకి వచ్చేస్తుంది. నన్నడిగితే మామూలు ఇంటి ల్యాప్‌టాప్‌కి ఫ్రెష్ మంచిది, షాపు సిస్టమ్‌కి క్లోన్ మంచిది.

క్లోన్‌కి ఎస్ఎస్‌డీని బయట నుంచి తగిలించే యూఎస్‌బీ కేబుల్ గాని ఎన్‌క్లోజర్ గాని కావాలి, ఏలూరు రోడ్డు షాపుల్లో అడిగితే దొరుకుతుంది, మీది సాటా ఎస్ఎస్‌డీనా ఎన్‌వీఎంఈనా (బోర్డుకి తగిలించే పద్ధతిని బట్టి రెండు రకాలు) చెప్పి అడగండి, రెండిటికీ వేరువేరు. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే ఎస్ఎస్‌డీ కంపెనీవాళ్లు ఇచ్చేదే వాడటం తేలిక, సామ్‌సంగ్‌కి సామ్‌సంగ్ మెజీషియన్‌లో డేటా మైగ్రేషన్ ఉంది, క్రూషియల్, డబ్ల్యూడీ కొంటే ఆక్రోనిస్ వెర్షన్ ఫ్రీగా దింపుకోవచ్చు, కాకపోతే ఆ కంపెనీ డ్రైవ్ తగిలించి ఉంటేనే అవి పనిచేస్తాయి. క్లోన్‌జిల్లా పూర్తిగా ఫ్రీ, మంచిది కూడా, కాని మన దగ్గర జరిగే పని ఎక్కువగా 1 టీబీ హార్డ్ డిస్క్ తీసి 500 జీబీ ఎస్ఎస్‌డీ వేయడం, క్లోన్‌జిల్లా మామూలుగా చిన్న డిస్క్‌లోకి కాపీ చేయదు, ముందు పాత పార్టిషన్‌ని (డిస్క్‌లో విడదీసిన భాగాన్ని) కుదించుకోవాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ అయితే డేటా పడితే చాలు అదే సర్దేస్తుంది. అందుకే ముందు పాత డిస్క్‌లో సినిమాలూ పెళ్లి వీడియోలూ బయట డ్రైవ్‌లోకి తీసేసి, వాడిన స్థలం కొత్త ఎస్ఎస్‌డీలో పట్టేలా తగ్గించుకోండి.

క్లోన్ మొదలుపెట్టే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ వేసి పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. గుడ్ అని ఉంటే సరే, కాషన్ అనో బ్యాడ్ అనో ఉంటే క్లోన్ జోలికి పోకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీసుకోండి, ప్రాణం మీదకొచ్చిన డిస్క్‌ని గంటల తరబడి పూర్తిగా చదివిస్తే మధ్యలోనే పోయే ప్రమాదం ఉంది. ఇంకోటి, ల్యాప్‌టాప్ బ్యాటరీ వీక్‌గా ఉంటే, లేదా డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే, ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, క్లోన్ మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

క్లోన్ అయ్యాక చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. రెండు డిస్కులూ తగిలించి ఉంచి మెషిన్ ఆన్ చేస్తారు. క్లోన్ అంటే అచ్చు నకలు కదా, డిస్క్ గుర్తింపు సంఖ్యతో సహా ఒకటే ఉండొచ్చు, అప్పుడు విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పడేస్తుంది, లేదంటే మీరు కొత్త డిస్క్ నుంచి బూట్ అయ్యాననుకుంటారు, నిజానికి పాతదాని నుంచే నడుస్తూ ఉంటుంది. కాబట్టి పూర్తిగా షట్‌డౌన్ చేసి, పాత డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్తది ఒక్కటే బిగించి ఆన్ చేయండి. విండోస్ వచ్చాక యాక్టివేషన్ పేజీ చూడండి, ఏం చేయకుండానే యాక్టివేట్ అయి ఉంటుంది, ఎందుకంటే మదర్‌బోర్డు అదే.

ఫ్రెష్‌గా వేసేవాళ్లకి 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే మీడియా క్రియేషన్ టూల్ ఉంటుంది, ఫ్రీ, దాన్ని దింపి నడిపిస్తే అదే పెన్‌డ్రైవ్ తయారుచేసి పెడుతుంది. ఎవరో షేర్ చేసిన ఐఎస్ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ సీడీకి నకలు లాంటివి) వాడొద్దు, వాటిలో ఏం కలిపారో తెలియదు. మీడియా, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు, అమ్మేది కాదు, అందరికీ ఇచ్చేదే, డబ్బులు పెట్టేది లైసెన్స్‌కి మాత్రమే, ఈ ముక్క తెలిస్తే "విండోస్ సీడీ కొనాలి" అనే మాటకి పడిపోరు.

పెన్‌డ్రైవ్ పెట్టి మెషిన్ ఆన్ చేస్తూ బూట్ మెనూ (ఏ డిస్క్ నుంచి లేవాలో ఎంచుకునే లిస్ట్) మీట నొక్కాలి, డెల్, లెనోవోలకి ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఎసుస్ ల్యాప్‌టాప్‌లకి ఎస్కేప్, డెస్క్‌టాప్ బోర్డుల్లో గిగాబైట్‌కి ఎఫ్12, ఎంఎస్ఐకి ఎఫ్11. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొత్త డిస్క్ ఒక్కటే లోపల ఉండాలి, ఇది చాలా గట్టిగా చెప్తున్నా. పాతది కూడా ఉంటే విండోస్ తన బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ అనే బూట్ పార్టిషన్‌లో పెట్టేసుకుంటుంది, విండోస్ కొత్తదాంట్లో, బూట్ పాతదాంట్లో, తర్వాత మీరు పాతది తీసేసిన రోజు మెషిన్ లేవదు. అప్పుడు మళ్లీ షాపుకి, మళ్లీ ఖర్చు.

ప్రోడక్ట్ కీ అడిగే చోట, నా దగ్గర ప్రోడక్ట్ కీ లేదు అనే లింక్ కింద ఉంటుంది, అది నొక్కండి. బయోస్‌లో కీ ఉన్న మెషిన్లకి అసలు అడగనే అడగదు, అదే చదువుకుని అదే ఎడిషన్ ఎంచుకుంటుంది. ఎడిషన్ లిస్ట్ వస్తే మాత్రం ముందు కాయితం మీద రాసుకున్నదే ఎంచుకోండి. ప్రో పెద్దది కదా అని ప్రో ఎంచుకుంటే హోమ్ లైసెన్స్‌తో అది యాక్టివేట్ కాదు. మన షాపుల్లో డిస్క్ మార్చాక యాక్టివేషన్ రాలేదంటే నేను చూసినంతవరకు ఎక్కువసార్లు కారణం ఇదే, హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉన్న మెషిన్‌కి అలవాటుగా ప్రో వేసేస్తారు, యాక్టివేట్ కాకపోతే "మీది ఒరిజినల్ కాదండి" అని క్రాక్ కొట్టేస్తారు. ప్రో నుంచి హోమ్‌కి ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచుకుని దిగే దారి లేదు, మళ్లీ ఫ్రెష్‌గా హోమ్ వేసుకోవాల్సిందే.

షాపులో చేయిస్తే కౌంటర్ దగ్గరే మర్యాదగా ముందే చెప్పండి. "తమ్ముడూ, దీనికి లైసెన్స్ బోర్డులోనే ఉంది, హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వెయ్యి, కీ అడిగితే స్కిప్ కొట్టు, యాక్టివేటర్లు ఏం వద్దు, పాత హార్డ్ డిస్క్ నాకే తిరిగి ఇచ్చెయ్యి" అని. ఈ నాలుగు ముక్కలు విన్నాక కాదనేవాళ్లు నాకైతే కనబడలేదు, చాలామంది కుర్రాళ్లు నిజంగా తెలియక చేస్తున్నారు, చెప్తే నేర్చుకుంటారు.

ఇన్‌స్టాలర్‌లో డిస్క్ అసలు కనబడకపోతే ఎస్ఎస్‌డీ పాడైందని అనుకోకండి. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, దానికి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ నొక్కితే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. అట్లాగే విండోస్ వేశాక వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, దానికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, నెట్ వస్తుంది, నెట్ వచ్చిన కాసేపటికి యాక్టివేషన్ కూడా దానంతటదే అయిపోతుంది.

అప్పటికీ కాకపోతే యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కండి, 0ఎక్స్803ఎఫ్7001 అని ఎర్రర్ వస్తే ఈ మెషిన్‌కి సరైన లైసెన్స్ దొరకలేదని అర్థం, ముందు ఎడిషన్ సరిచూసుకోండి. తేదీ, టైమ్ కూడా చూడండి, పాత డెస్క్‌టాప్‌లలో బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు సర్వర్‌తో కనెక్షనే సరిగ్గా కుదరదు, సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

ఇక రెండు డిస్కుల్లో రెండు విండోస్‌ల సంగతి. ఒకటి షాపు పనికి, ఒకటి పిల్లల గేములకి అని పెట్టుకోవాలనుకునేవాళ్లు బాగానే ఉన్నారు. మెషిన్ ఒకటే కాబట్టి సర్వర్ రెండిటినీ యాక్టివేట్ చేస్తుంది, టెక్నికల్‌గా అడ్డేమీ రాదు. కాని విండోస్ లైసెన్స్ ఒప్పందంలో ఒక మెషిన్ మీద ఒక్క ఇన్‌స్టన్స్ (ఒక్క కాపీ) అని స్పష్టంగా ఉంది, వర్చువల్ మెషిన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్‌లో) వేసినా దానికి విడిగా లైసెన్స్ కావాలని ఉంది. యాక్టివేట్ అయిందంటే అనుమతి ఉన్నట్టు కాదు. ఇంట్లోవాళ్ల కోసమైతే రెండో విండోస్ బదులు అదే విండోస్‌లో వేరే యూజర్ అకౌంట్ పెట్టుకోండి, పిల్లలకి స్టాండర్డ్ యూజర్ ఇవ్వండి, మీ పాస్‌వర్డ్ లేకుండా వాళ్లు చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేయలేరు, పని అయిపోతుంది. నిజంగా రెండు విడివిడి సిస్టమ్‌లు కావాలంటే రెండో డిస్క్‌లో లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఫ్రీ సిస్టమ్) వేసుకోండి, ఉబుంటు గాని మింట్ గాని, దానికి లైసెన్స్ గొడవే లేదు. కాకపోతే లినక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే టైమ్ ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది, లినక్స్ గడియారాన్ని గ్రీన్‌విచ్ టైమ్‌లో పెట్టుకుంటుంది, విండోస్ మన టైమ్ అనుకుంటుంది, లినక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒక సెట్టింగ్ మారిస్తే సర్దుకుంటుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి, లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండగా ఇంకో సిస్టమ్ అదే పార్టిషన్‌లో రాస్తే ఫైళ్లు చెడిపోతాయి.

బ్యాకప్ కోసం క్లోన్ చేసిన డిస్క్ బీరువాలో పెట్టుకోవడం మాత్రం తప్పు కాదు, బ్యాకప్‌గా ఒక కాపీ ఉంచుకోవచ్చని ఒప్పందంలోనే ఉంది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూ ఉంటే, రైతుల పట్టీలు రాస్తూ ఉంటే, అప్పుడు డిస్క్ పోతే ఆ రోజు వ్యాపారం ఆగినట్టే. సంక్రాంతికి ముందే ఒక క్లోన్ చేసి పక్కన పెట్టుకుంటే డిస్క్ పోయిన రోజు అది బిగించి, డేటా బ్యాకప్ తెచ్చుకుని మళ్లీ బిల్లింగ్‌లో కూర్చోవచ్చు, లైసెన్స్ అదే నడుస్తుంది. అక్కడి దుమ్ముకీ వేడికీ తిరిగే హార్డ్ డిస్కులు ఎక్కువకాలం ఆగవు, కాబట్టి పనిచేసేది ఎస్ఎస్‌డీ, బ్యాకప్ పాత హార్డ్ డిస్క్, ఇట్టా పెట్టుకుంటే మంచిది.

ఆ కొట్లల్లోనే ఇంకో జాగ్రత్త. విండోస్ లైసెన్స్ బోర్డుని చూస్తుంది గాని అన్ని సాఫ్ట్‌వేర్లూ అట్టా ఉండవు. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కొత్తగా విండోస్ వేసే ముందు, పాత డిస్క్ ఇంకా పనిచేస్తుండగానే, టాలీలో లైసెన్స్ మెనూలోకి వెళ్లి సరెండర్ చేయండి, తర్వాత కొత్త విండోస్‌లో అదే సీరియల్ నంబర్‌తో యాక్టివేట్ చేసుకోండి. సరెండర్ చేయకుండా ఫార్మాట్ కొడితే మళ్లీ లైసెన్స్ రీసెట్ చేయించుకునే పని పడుతుంది. సరెండర్‌కి ముందు కంపెనీ డేటా బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టడం మర్చిపోవద్దు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ అయితే అప్పట్లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తెరిచారో దానికే కట్టి ఉంటుంది, అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే వచ్చేస్తుంది, కాబట్టి ఆ మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ముందే వెతికి పెట్టుకోండి, షాపు కుర్రాడి మెయిల్‌తో చేయించి ఉంటే ఇప్పుడే తెలుసుకోండి.

ఒక మెషిన్ డిస్క్ తీసి ఇంకో మెషిన్‌లో పెడితే విండోస్ లేవొచ్చు గాని లైసెన్స్ రాదు, ఆ రెండో మెషిన్‌కి సొంత లైసెన్స్ ఉంటే అదే ఎడిషన్ అయితే దాంతో యాక్టివేట్ అవుతుంది, లేదంటే లేదు. బయట యూఎస్‌బీ డిస్క్‌లో విండోస్ వేసుకుని ఎక్కడికి వెళ్తే అక్కడ తగిలించుకుందామంటే ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు, విండోస్ టు గో అని ఒకటి ఉండేది, 2020లో తీసేశారు. మదర్‌బోర్డు పోయిన సందర్భంలో రిటైల్ లైసెన్స్ అయితే కొత్త బోర్డు మీద మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, ట్రబుల్‌షూట్‌లో ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను అనేది ఎంచుకుంటే పాత మెషిన్ పేరు కనబడుతుంది, దాన్ని ఎంచుకోండి. ఓఈఎం అయితే మామూలుగా ఆ బోర్డుతోనే సరి, కాకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ వారంటీలో బోర్డు మార్చినప్పుడు కొత్త బోర్డుకి లైసెన్స్ వేసి ఇవ్వాలి, ల్యాప్‌టాప్ తీసుకునే ముందు అక్కడే యాక్టివేషన్ పేజీ తెరిపించి చూసుకోండి.

విండోస్ 10 వాడేవాళ్లకి ఒక మాట, 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది. ఎట్టాగూ ఎస్ఎస్‌డీ వేయిస్తున్నారు కాబట్టి మెషిన్‌కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండి, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ గాని ఆ పైది గాని అయితే నేరుగా విండోస్ 11 వేసేయండి, విండోస్ 10 డిజిటల్ లైసెన్స్‌తోనే 11 యాక్టివేట్ అవుతుంది, ఎడిషన్ ఒకటే ఉంటే చాలు.

చివరికి మిగిలేది పాత హార్డ్ డిస్క్. కొత్త ఎస్ఎస్‌డీతో కొన్ని వారాలు నడిచి అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత డేటా డిస్క్‌గా వాడుకోవాలంటే డెస్క్‌టాప్‌లో రెండో సాటా కేబుల్‌కి తగిలించండి, సీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే ఆ డ్రైవ్ తీసి దాని చోట క్యాడీ (డిస్క్ పట్టే ఫ్రేము) పెట్టుకోవచ్చు, 9.5 మిల్లీమీటర్లదీ 12.7దీ రెండు సైజులు ఉంటాయి, కొలుచుకుని కొనండి. బయోస్‌లో బూట్ ఆర్డర్ ఎస్ఎస్‌డీ మొదట పెట్టాకే దాని పాత పార్టిషన్లు తీసేయండి. ఎవరికైనా అమ్మేస్తుంటే మామూలు ఫార్మాట్ చాలదు, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌లో ఆ డిస్క్ ఎంచుకుని క్లీన్ ఆల్ అని కొడితే మొత్తం సున్నాలతో నింపేస్తుంది. 1 టీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. ఎంటర్ నొక్కే ముందు మాత్రం డిస్క్ నంబరూ సైజూ మళ్లీ ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఆ కమాండ్ అవునా కాదా అని అడగదు.